అరవై నిండితే ఆట ముగిసినట్టేనా?

పోయినవారం నాకొక ఉత్తరం వచ్చింది. రాసింది కాలేజీలో చదువుకుంటున్న కుర్రాడు. మన శీర్షిక క్రమం తప్పకుండా చదువుతాట్ట. ముందు నాలుగు పొగడ్తలు గుప్పించి, ఆ తర్వాత అసలు సంగతికొచ్చాడు.

"సార్! అరవై దాటిన హీరోలు ఇంకా స్టెప్పులు వెయ్యటం, అది మేం చూడటం... ఇదేం ఖర్మ? అరవై నిండగానే ఓ దండ వేసి, దండం పెట్టి పంపించేస్తే పోలా?"

దండ ఎక్కడ వెయ్యాలో మాత్రం రాయలేదు. మెడలోనా, ఫొటోకా?

అబ్బాయీ, నీ సలహా కొత్తదేం కాదు. నీకంటె ముందే దాన్ని అక్షరాలా అమలు జరిపిన గ్రహం ఒకటి వుంది. పేరు కేలాన్-2. అక్కడ ఆడైనా, మగైనా, మేధావైనా, మామూలువాడైనా - అరవయ్యో పుట్టినరోజున కొత్తబట్టలు కట్టుకుని, బంధుమిత్రుల్నందర్నీ పిలిచి, కడసారి పలకరించి, ప్రాణం తీసేసుకోవాలి. ఆ వేడుకకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'రిజల్యూషన్'. ఏడుపులుండవు. అదొక గౌరవం.

కంగారుపడకండి. ఆ గ్రహం ఆకాశంలో లేదు, అమెరికా టెలివిజన్‌లో వుంది. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' సీరియల్ నాలుగో సీజన్‌లో, 1991 మే నెలలో వచ్చిన 'హాఫ్ ఎ లైఫ్' అనే ఎపిసోడ్‌లో. ముప్పావుగంట కథ. ఫైటింగులు లేవు, రాక్షసులు లేరు. అయినా నేను చూసిన సైన్సు ఫిక్షన్ కథల్లో నన్ను ఇంతగా పట్టి కుదిపింది మరొకటి లేదు. ఎందుకో చెబుతాను.

కథ ఇదీ. కేలాన్ గ్రహానికి వెలుగునిచ్చే సూర్యుడు ఆరిపోతున్నాడు. దాన్ని మళ్ళీ వెలిగించటానికి జీవితమంతా ధారపోసిన శాస్త్రజ్ఞుడు టిమిసిన్. తన సిద్ధాంతాన్ని పరీక్షించుకోవటానికి 'ఎంటర్‌ప్రైజ్' అంతరిక్ష నౌక ఎక్కుతాడు. ఎవరూ నివసించని చోట, చావుకి దగ్గరపడ్డ మరో నక్షత్రం మీద ప్రయోగం చేస్తారు. మొదట అంతా సవ్యంగానే వుంటుంది. అందరి మొహాల్లోనూ సంతోషం. అంతలో వేడి అదుపుతప్పి నక్షత్రం కాస్తా పేలిపోతుంది.

సరే, పొరపాటెక్కడుందో వెతికి మళ్ళీ ప్రయత్నించవచ్చు కదా? కుదరదు. కొద్దిరోజుల్లో ఆయనకి అరవై నిండుతున్నాయి!

ఇక్కడ మన నాయిక వస్తుంది. నాయిక అంటే పదహారేళ్ళ పడుచు కాదు. నౌకలో పనిచేసే డియానా ట్రాయ్ తల్లి - లువాక్సానా. ఘనంగా ముస్తాబయ్యే, గలగలా మాట్లాడే, ఎవరిమాటా వినని పెద్దావిడ. మన సినిమాల్లో అయితే సూర్యకాంతంగారి గొంతు, భానుమతిగారి దర్పం కలిపి వెయ్యాలి ఆ వేషం! ఆవిడకి టిమిసిన్ అంటే ఇష్టం కలుగుతుంది. ఆయనకీ ఆవిడంటే ఇష్టమే. తీరా చూస్తే పెళ్ళికొడుకు నాలుగురోజుల్లో చచ్చిపోవటానికి ముహూర్తం పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ కెప్టెన్ పికార్డ్ దగ్గరికెళ్ళి ఆపమంటుంది. ఇతర లోకాల ఆచారాల్లో వేలు పెట్టరాదన్నది తమ మొదటి నియమం అంటాడాయన. తనే స్వయంగా ఆ గ్రహానికి దిగి గొడవపెడదామనుకుంటే కూతురు ఆపుతుంది. అంతవరకూ మనల్ని నవ్వించిన మనిషి అక్కడ కూలబడి ఏడుస్తుంటే, నవ్విన మనకే సిగ్గేస్తుంది. ఆవిడ ఏడుపు టిమిసిన్ ఒక్కడి కోసమే కాదు. రేపు తన వంతు వస్తుందన్న భయం కూడా అందులో వుంది.

అన్నట్టు, తెరవెనక సంగతి ఒకటి. అరవై నిండుతున్న టిమిసిన్ వేషం వేసిన డేవిడ్ ఆగ్డెన్ స్టియర్స్‌కి అప్పటికి నిండా 49 లేవు. లువాక్సానా వేసిన మేజెల్ బారెట్‌కే 59! అంటే నిజంగా అరవై గుమ్మంలో నిలబడింది ఆవిడ. 'మాయాబజార్'లో రామారావుగారికి అన్నగా బలరాముడు వేసిన గుమ్మడిగారు ఆయనకంటె నాలుగేళ్ళు చిన్న అని తెలిసిన మనకి ఇలాంటివి వింతకాదు. ఇంకో ముక్క. మేజెల్ బారెట్ ఎవరనుకున్నారు? 'స్టార్ ట్రెక్' సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ భార్య. ఈ ఎపిసోడ్ వచ్చిన ఐదు నెలలకి, 1991 అక్టోబరులో, 70వ ఏట ఆయన కన్నుమూశారు. ఇక స్టియర్స్ అదే ఏడాది డిస్నీవారి 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో గొంతు అరువిచ్చింది దేనికో తెలుసా? మాట్లాడే గడియారానికి!

కుర్రకారుకి ఇదంతా ముసలివాళ్ళ గొడవలా కనిపిస్తోందేమో. అయితే ఇది వినండి. 'లోగాన్స్ రన్' అని ఒక కథ వుంది. 1967లో నవలగా వచ్చినప్పుడు అందులో చావాల్సిన వయసు 21. 1976లో సినిమాగా తీసినప్పుడు దయదలచి 30 చేశారు. మరుసటి ఏడు టెలివిజన్ సీరియల్ వచ్చింది, అందులోనూ 30. చూశారా? గీత గియ్యటమంటూ మొదలుపెడితే అది ఎక్కడైనా గియ్యొచ్చు. ఉత్తరం రాసిన అబ్బాయీ, ఆ నవల లెక్కన నీ కథకి క్లైమాక్సు వచ్చేసినట్టే!

అంత దూరం పోనక్కర్లేదు. మన దగ్గరా గీతలున్నాయి, ప్రాణం తియ్యవు గానీ. 1983లో మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి తగ్గించారు. అప్పుడు ముఖ్యమంత్రి పీఠం మీదున్న రామారావుగారికి 59 ఏళ్ళు, రాజకీయాల్లో మొదటి ఆట అప్పుడే మొదలైంది! ఆ తర్వాత మళ్ళీ 58 అయింది. 2014లో ఆంధ్రలో 60, 2021లో తెలంగాణలో 61, 2022లో ఆంధ్రలో 62. నిన్న పనికిరాడన్న మనిషి ఇవాళ పనికొస్తాడు. మనిషి మారలేదు, గీత జరిగింది.

విచిత్రమేమిటంటే మనకీ అరవై పెద్ద అంకెే. ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై సంవత్సరాలు తిరిగి మళ్ళీ ప్రభవ దగ్గరికి వస్తాం. కానీ మనం చేసేదేమిటి? షష్టిపూర్తి! పిల్లలూ మనవలూ చుట్టూ చేరి, ఆ ముసలి దంపతులకే మళ్ళీ పెళ్ళి చేస్తారు. కేలాన్ వాళ్ళకి అరవై అంటే తెరమీద 'శుభం' కార్డు. మనకి సెకండ్ షో టిక్కెట్టు.

అలా అని కాలరెగరేసుకుని కూర్చున్నవాణ్ణే నేనూను. ఆ ఎపిసోడ్‌లో ఒక సీను నా కాలరు పట్టుకుంది.

లువాక్సానా టిమిసిన్‌ని నిలదీస్తుంది - ఇంత దుర్మార్గమైన ఆచారం మీకెందుకు వచ్చిందని. ఆయన కోపగించుకోడు. నెమ్మదిగా చెబుతాడు. ఒకప్పుడు తమకీ ఈ ఆచారం లేదు. అప్పుడు ముసలివాళ్ళని ఎవరూ పట్టించుకునేవారు కాదు. చావుకోసం ఎదురుచూస్తూ పడివుండే ఇళ్ళకి పంపించేసేవారు. మంచాన పడి, మతి చలించి, ఒంటరిగా, అడిగే దిక్కులేక పోయేవారు. అంత హీనంగా పోవటం కంటె అందరిమధ్యా, గౌరవంగా, ఒక రోజున పోవటం మేలని ఈ పద్ధతి పెట్టుకున్నారు. పిల్లల మీద బరువు వెయ్యకుండా తప్పుకోవటం పెద్దల ధర్మం అనుకున్నారు.

అంటే ఆ ఆచారం క్రూరత్వం లోంచి పుట్టలేదు. అంతకుముందు చేసిన నిర్లక్ష్యానికి సిగ్గుపడి పుట్టింది! పెద్దల్ని చూసుకోవటం చేతగాక, చూసుకోవాల్సిన అవసరమే లేకుండా చేసుకున్నారు.

ఈ మాట విన్నప్పుడు డీవీడీ ఆపేశాను. మా ముందుగదిలో గోడకి వేళ్ళాడుతున్న కేలండరు కేసి చూశాను.

ఆ కేలండరు కథ చెప్పాలి. మా నాన్నగారికి 1994లో షష్టిపూర్తి చేశాం. అన్నయ్య, నేను, చెల్లెలు - ముగ్గురం పీటల దగ్గర నిలబడి ఫొటో దిగాం. ఆ తర్వాత కొన్నేళ్ళకి అమ్మ పోయింది. నాన్నగారు ఎక్కడుండాలి? ముగ్గురం కూర్చుని చాలా న్యాయంగా, ఎవరికీ కష్టం కలక్కుండా తేల్చాం. నెలకొకరింట్లో. వంతులు! ఎవరి నెల ఎవరిదో మూడిళ్ళ కేలండర్లలోనూ ఎర్రసిరాతో గుర్తు పెట్టుకున్నాం. నాన్నగారి రెక్సిన్ సంచీ మంచం కింద ఎప్పుడూ సగం సర్దే వుండేది. నెలాఖరు రాగానే తనే పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా వేసుకుని, సంచీ పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఒక్కనాడూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఒక రాత్రి మంచినీళ్ళిస్తుంటే అన్నారు: "ఇంక చాలురా. ఆ భగవంతుడు తీసుకుపోతే బావుణ్ణు."

అప్పుడాయనకి 79. పెద్దవాళ్ళు అలా అంటూనే వుంటారులే, వేదాంతం అనుకున్నాను. ఆ మాట వేదాంతం కాదని నాకు తెలియటానికి లేని గ్రహం నుంచి లేని మనిషి రావాల్సొచ్చింది. ఆ 'చాలు' మా నాన్న అన్నది కాదు. మా కేలండరు ఆయన చేత అనిపించింది.

నెలాఖరు వచ్చింది. నాన్నగారు చొక్కా వేసుకుని తయారుగా వున్నారు.

"ఈ నెల ఎక్కడికీ వెళ్ళొద్దు నాన్నా," అన్నాను.

"ఏం? వాళ్ళకేమైనా ఇబ్బందా?"

"ఎవరికీ ఇబ్బంది లేదు. మీకెక్కడ వుండాలనుందో మేం ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు ఆ సంచీ ఖాళీ చెయ్యనీ," అన్నారు. వారం తిరక్కుండా కొత్త కళ్ళజోడు కావాలన్నారు. తీసుకుపొమ్మని దేవుణ్ణి అడిగే మనిషి కళ్ళజోడు అడగడు కదా!

ఇంతకీ టిమిసిన్ ఏమయ్యాడు? లువాక్సానా ఆయనకి తమ లోకపు పాత ముచ్చటొకటి చెబుతుంది. పూర్వం అక్కడ గొప్పింటి ఆడవాళ్ళు పెద్దపెద్ద విగ్గులు పెట్టుకునేవారట. ఆ విగ్గుల్లో చిన్నచిన్న పంజరాలు, వాటిలో ప్రాణమున్న జంతువులు! ఒకనాడు ఒక్క స్త్రీ 'నేను పెట్టుకోను' అంది. ఆచారం అలా మొదలుపెట్టి అలా పోయింది. ఆ ధైర్యంతో టిమిసిన్ ఎదురుతిరుగుతాడు, నౌకలోనే వుండిపోతానంటాడు. వెంటనే కేలాన్ వాళ్ళు యుద్ధనౌకలు పంపిస్తారు. అంతకంటె పెద్ద ఆయుధం కూతురు. ఆ అమ్మాయి డారా వచ్చి, అమ్మ పక్కన మీకోసం వుంచిన చోటు ఏం కావాలని అడుగుతుంది. తండ్రిని చూసి సిగ్గుపడాల్సి రావటం తనవల్ల కాదంటుంది. ఆ వేషం వేసిన మిషెల్ ఫోర్బ్స్‌ని తర్వాత అదే సీరియల్‌లో ఎన్‌సైన్ రో అనే పెద్దపాత్రకి తీసుకున్నారంటే ఆ ఒక్క సీనులో ఎలా చేసిందో ఊహించుకోండి. ఆ పిల్ల దుర్మార్గురాలు కాదు. తండ్రిని ప్రేమిస్తూనే చావమంటోంది. అదీ భయం.

టిమిసిన్ వెళ్ళిపోతాడు. ఆ వేడుకకి ఆప్తులు దగ్గరుండటం అక్కడి ఆనవాయితీ అని తెలిసి, చివరిదాకా పోట్లాడిన లువాక్సానా తనే ఆయన చెయ్యి పట్టుకుని వెంట వెళుతుంది. సూర్యుణ్ణి వెలిగించగల మనిషితోపాటు ఆ లెక్కలూ పోయినట్టే. మన సినిమా అయితే హీరో తిరగబడి, ఆచారం రద్దయి, గ్రూప్ ఫొటోతో ముగిసేది. వీళ్ళు అలా చెయ్యలేదు. అందుకే ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ బాధ తగ్గలేదు.

అయితే 'చాలు' అన్న ప్రతివాడి నోరూ ఎవరో నొక్కి అనిపించిందేనా? కాదు. ఆ రెండోవైపు కూడా 'స్టార్ ట్రెక్' వాళ్ళే చూపించారు. 1996 ఫిబ్రవరిలో 'వాయేజర్' సీరియల్‌లో 'డెత్ విష్' అని వచ్చింది. ఇందులో వాడికి చావే లేదు. సర్వశక్తిమంతులైన 'క్యూ' జాతివాడు. అన్నీ చూసేశాడు, అన్నీ చేసేశాడు, మాట్లాడటానికి కొత్తమాట మిగల్లేదు. నన్ను చావనివ్వండి మహాప్రభో అంటాడు. కెప్టెన్ జేన్‌వే న్యాయమూర్తిగా కూర్చుంటుంది. వాదోపవాదాలన్నీ విని, అతన్ని మామూలు మనిషిగా బతకటానికి అనుమతిస్తుంది - మనిషి బతుకు రుచి చూశాకైనా మనసు మారుతుందేమోనన్న ఆశతో. మారదు. విషం తాగి పోతాడు. అది ఒప్పని కథ చెప్పదు, తప్పని కూడా చెప్పదు. జేన్‌వే మొహం చూపించి వదిలేస్తుంది.

ఆ తర్వాత తరానికి 2016లో 'బ్లాక్ మిర్రర్'లో 'శాన్ జునిపెరో' వచ్చింది. దీనికి 2017లో ఎమ్మీ అవార్డులు కూడా వచ్చాయి. యార్కీ అనే అమ్మాయి 21వ ఏట కారు ప్రమాదంలో పడి నలభై ఏళ్ళుగా మంచానికే అతుక్కుని వుంటుంది. చనిపోయాక మనసుని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎప్పటికీ పడుచుగా వుండే ఊళ్ళో బతకొచ్చు. కానీ చనిపోవటానికి చట్టం ప్రకారం ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి, వాళ్ళు పెట్టరు. చూడటానికి ప్రేమకథ, పాటలూ డాన్సులూ. లోపలున్న ప్రశ్న మాత్రం పాతదే: నా 'చాలు' చెప్పాల్సింది నేనా, నా వాళ్ళా?

మన దేశంలో ఈ ప్రశ్నకి కోర్టు కొంతమేరకు జవాబు చెప్పింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించటం కూడా జీవించే హక్కులో భాగమే అంది. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని సాగదీసే వైద్యం వద్దని ముందే రాసి పెట్టుకోవచ్చంది. ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తియ్యటానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ మర్నాడు నాన్నగారు కొత్త కళ్ళజోడులోంచి ఆ వార్త రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"నాకు అలాంటి రోజు వస్తే మిషన్లు పెట్టించొద్దు. కోపంతో అంటున్నది కాదు, బాగా ఆలోచించే చెబుతున్నాను."

మరుసటి ఏడు ఆయన ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో చేరినప్పుడు, ఇక తిరిగొచ్చే దారి లేదని చెప్పి, వెంటిలేటర్ పెట్టమంటారా అని అడిగాడు డాక్టరు. మా ముగ్గురికీ ఏడుపే గానీ తగువు రాలేదు. వద్దన్నాం. ఆయాసం తెలియకుండా మందులిచ్చారు. మూడోరోజు తెల్లవారుజామున, చెల్లెలు చెయ్యి పట్టుకుని వుండగా వెళ్ళిపోయారు. 85 ఏళ్ళు.

ఒకే మనిషి, ఒకే మాట, రెండుసార్లు అన్నారు. మొదటి 'చాలు' వెనక సగం సర్దిన సంచీ వుంది. రెండో 'చాలు' వెనక కొన్నేళ్ళు తన మంచం మీద తను నిద్రపోయిన నిశ్చింత వుంది. మొదటిదాన్ని నేను నమ్మివుంటే, రెండోదాన్ని వినే అర్హత నాకు వుండేది కాదు.

ఉత్తరం రాసిన అబ్బాయీ! నీ మీద నాకు కోపమేం లేదు. అరవై దాటిన హీరోగారి స్టెప్పులు నచ్చకపోతే టిక్కెట్టు కొనకు, ఈల వెయ్యకు. ప్రేక్షకుడిగా అది నీ హక్కు. కానీ ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా 'ఇంక చాలురా' అంటే, నవ్వి సెల్‌ఫోన్‌లోకి దూరిపోకు. పక్కన కూర్చుని ఎందుకని అడుగు. ఒకసారి మంచం కిందికి కూడా చూడు, సంచీ ఏమైనా వుందేమో.

మా కేలండరు మాటంటావా, ఆ ఏడాది పూర్తవకుండానే తీసేశాను. ఆ మేకుకి ఇప్పుడు షష్టిపూర్తి ఫొటో వుంది. దానికి దండ వెయ్యలేదు.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అప్పుడు మాత్రం తప్పకుండా నవ్విస్తాను!